మనసు బాగాలేదని చెప్పుకోవడం తప్పు కాదు



కొన్నేళ్లుగా రంజాను నెలలో మన సంస్థకు వచ్చే సహాయ అర్జీలు నింపే పనిలో మేము కూడా ఒక చేయి వేస్తున్నాం. రాయడం రానివాళ్లు, వచ్చినా కాగితం చూస్తే బెదిరేవాళ్లు బల్ల ముందు కూర్చుని చెబుతుంటే మేము రాస్తాం. అర్జీలో అనారోగ్య వివరాలకు ఒక కాలమ్ ఉంది. అందులో గుండె జబ్బు రాశాం. కిడ్నీ, పక్షవాతం, క్యాన్సరు, కంటి ఆపరేషను రాశాం. మానసిక అనారోగ్యం అని రాయించినవారు మాత్రం మాకు ఒక్కరూ గుర్తు లేరు.

అంటే ఆ జబ్బు మన వీధుల్లో లేదని కాదు. అర్జీ రాయడం అయిపోయి, మేము పెన్నుకు మూత పెట్టాక, లేచి వెళ్లబోతూ చెబుతారు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు సార్." "జీ ఘబ్‌రాతా సార్, ఊరికే ఏడుపొస్తా ఉంది." "మావాడు ఆరు నెలలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. ఎవరికీ చెప్పొద్దు సార్."

గుండె జబ్బు గురించి పెన్ను తెరిచి ఉండగానే చెప్పినవాళ్లు దీని గురించి మూత పెట్టాకే ఎందుకు చెబుతున్నారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

నంద్యాల మరిచిపోకూడని నెల

2020 నవంబరు నెల నంద్యాలవాసులకు గుర్తుండే ఉంటుంది. మన పట్టణంలో ఆటో నడుపుకుని బతికే ఒకాయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఒకే రోజు ప్రాణాలు తీసుకున్నారు. అంతకు ముందు తమ బాధ ఏమిటో సెల్‌ఫోనులో వీడియో తీసి చెప్పుకున్నారు. వేధింపుల ఆరోపణలు, అరెస్టులు, విచారణ న్యాయస్థానాల సంగతి. వాళ్ల బాధను మానసిక జబ్బు అని పిలవడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. అన్యాయానికి మందు న్యాయమే గాని మాత్ర కాదు.

అయినా ఆ వీడియో చూసిన రోజు నుంచి ఒక ఆలోచన మమ్మల్ని వదలలేదు. ఆ కుటుంబం చివరి మాటలు విన్నది ఒక ఫోను. ఇన్ని మసీదులు, ఇన్ని జమాతులు, ఇన్ని సంఘాలు ఉన్న ఊరు మనది. "ఫలానా చోటికి వెళితే నా మాట వింటారు, బయటికి పొక్కనివ్వరు, నా పక్కన నిలబడతారు" అని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలిగిన చోటు ఒకటి మన ఊళ్లో ఉందా? తప్పు వెళ్లిపోయినవాళ్లది కాదు. ఆ చోటు తయారు చేయడం మిగిలినవాళ్ల పని.

ఇది మన ఒక్క ఊరి బాధ కూడా కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఒక్కొక్క మరణం వెనక ఒకటి కాదు, పది కారణాలుంటాయి: అప్పు, అవమానం, జబ్బు, ఇంటి గొడవలు, మద్యం. అయితే ఏ కారణమైనా లోపలే ఉండిపోతే బరువెక్కుతుంది. ఎవరితోనైనా చెప్పుకుంటే, అప్పు తీరకపోయినా, దారి వెతకడానికి ఇంకో మనిషి తోడు దొరుకుతాడు.

మన ఇళ్లలో దీన్ని ఏమంటారు?

డిప్రెషన్ అనే మాట మన ఇళ్లలో పెద్దగా వాడరు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో "దిగులు పట్టుకుంది", "మనసు నిమ్మళంగా లేదు" అంటారు. మన ఉర్దూ ఇళ్లలో "జీ ఘబ్‌రాతా", "దిల్ నై లగ్‌తా" అంటారు. చాలామంది మనసు మాటే ఎత్తరు. గుండె దడ, తల బరువు, ఒళ్లంతా మంటలు, మెడ నొప్పి, ఆకలి లేకపోవడం, ఇవే చెబుతారు. ఈసీజీ తీయిస్తారు, స్కానింగ్ చేయిస్తారు. "రిపోర్టులన్నీ నార్మల్" అంటే ఇంట్లోవాళ్లు "చూశావా, నీకేం జబ్బు లేదు, ఊరికే నటిస్తున్నావు" అంటారు. బాధ నిజం. అది ఈసీజీలో కనపడే బాధ కాదంతే.

దిగులు వేరు, జబ్బు వేరు. ఆప్తులు పోయినప్పుడు, పంట పోయినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు దిగులు పడని మనిషి ఉండడు. ఆ దిగులు కొన్నాళ్లకు కొంత తగ్గుతుంది. పనిలో పడితే మరుపు వస్తుంది, మనవడు దగ్గరికొస్తే నవ్వు వస్తుంది. జబ్బు అలా కాదు. ఈ కింది లక్షణాల్లో చాలా వరకు రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి:

1. దేనిమీదా మనసు లేకపోవడం, ఇష్టమైన పని కూడా భారంగా తోచడం.
2. నిద్ర పట్టకపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, లేదా పగలూ రాత్రీ నిద్రే కావడం.
3. ఆకలి, బరువు బాగా తగ్గడం లేదా పెరగడం.
4. చిన్న పనికే అలసట, మతిమరుపు, నిర్ణయం తీసుకోలేకపోవడం.
5. "నేను ఎందుకూ పనికిరాను, అందరికీ బరువయ్యాను" అనే ఆలోచన.
6. చావు గురించి పదే పదే ఆలోచించడం. ఇది ఉంటే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే సాయం వెతకాలి.

కొందరికి దిగులు కన్నా భయం ఎక్కువ. ఉన్నట్టుండి గుండె వేగంగా కొట్టుకుని, ఊపిరి ఆడక, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయం మిగిలిపోతుంది. ఇంకొందరికి ఎవరూ లేకపోయినా మాటలు వినపడతాయి, అయినవాళ్ల మీదే అనుమానం పెరుగుతుంది. ఇలాంటివాళ్లనే మనం "గాలి సోకింది" అంటాం. కాన్పు అయిన కొత్తలో తల్లికి ఆగని ఏడుపు, బిడ్డ మీద ప్రేమ కలగకపోవడం కూడా జబ్బు లక్షణం కావచ్చు. ఆమెను "ఎలాంటి తల్లివి?" అని అడగడం జ్వరంతో ఉన్నవాళ్లను "ఎందుకు వేడిగా ఉన్నావు?" అని తిట్టడం లాంటిది.

థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, కొన్ని విటమిన్ల లోపం వల్ల కూడా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు. అందుకే డాక్టరు ముందు రక్త పరీక్షలు రాస్తారు. మానసిక వైద్యుడంటే ముందుగా వైద్యుడే.

"ఈమాన్ తక్కువైంది" అనకండి

మన సమాజంలో ఈ జబ్బున్నవారికి ఎక్కువగా వినపడే మాట ఇది. "నమాజు సరిగా చదువు, అన్నీ సర్దుకుంటాయి." నమాజు మనసుకు బలమిస్తుందన్నది మా అనుభవం కూడా. అయితే ఆ మాటను ఓదార్పుగా అనడం ఒకటి, నిందగా అనడం ఒకటి. నిందగా అన్నప్పుడు రోగి రెండు బరువులు మోస్తాడు. ఒకటి జబ్బు, రెండోది "నేను మంచి ముస్లింను కానేమో" అన్న బాధ.

దైవప్రవక్త (స) జీవితంలో హజ్రత్ ఖదీజా (రజి), పినతండ్రి అబూ తాలిబ్ ఇద్దరూ పోయిన సంవత్సరాన్ని చరిత్రలో "ఆముల్ హుజ్న్" అంటారు. అంటే దుఃఖ సంవత్సరం. ఏడాదికి ఏడాదే దుఃఖం పేరుతో గుర్తుండిపోయింది, ఎవరూ దాన్ని దాచలేదు. పసిబిడ్డ ఇబ్రాహీం పోయినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నారు. యూసుఫ్ (అలై) కోసం యాఖూబ్ (అలై) ఏడ్చి ఏడ్చి కంటిచూపు పోగొట్టుకున్న సంగతి దివ్యఖుర్ఆన్ చెబుతుంది. వీళ్ల ఈమాన్ తక్కువైందని ఎవరైనా అనగలరా? జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని బోధించింది కూడా ఆ ప్రవక్తే (స).

మన పూర్వీకులు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు 934లో కన్నుమూశారు. ఆయన శరీరం బాగోగులు, మనసు బాగోగులు రెండింటినీ ఒకే గ్రంథంలో రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని వెయ్యేళ్ల క్రితమే విడదీశారు. మొదటిదానికి మాటలతో ధైర్యం చెప్పాలని, రెండోది శరీరం నుంచి పుట్టింది గనక దానికి వైద్యం కావాలని చెప్పారు. డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రులలో మానసిక రోగులకూ చోటు ఉండేది. టర్కీలోని ఎడిర్నెలో 1488లో పూర్తయిన ఆసుపత్రిలో సంగీతంతో, నీటి సవ్వడితో రోగుల మనసును నెమ్మదింపజేసేవారు. ఆ ఆసుపత్రులు నడిచింది వక్ఫ్ ఆస్తుల మీద. అంటే మానసిక రోగికి సాయం చేయడం ధార్మిక సంస్థలకు కొత్త పనేమీ కాదు, మరిచిపోయిన పాత పని.

దర్గాకు తీసుకువెళ్లడం గురించి కూడా ఒక మాట. మన ప్రాంతంలో చాలా కుటుంబాలు ముందు దర్గాకే వెళతాయి. అక్కడ దొరికే ఊరటను మేము కాదనం. కాని మందు లేకుండా, గొలుసులతో కట్టేసి వదిలేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. దర్గా సమీపంలో ప్రైవేటు వ్యక్తులు నడిపిన ఒక పాకలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. దీనికి బదులు మంచి దారి గుజరాత్‌లో కనిపించింది. ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి "దవా-దువా" పేరుతో ఒక కార్యక్రమం నడిచింది. ముజావర్లు దువా చేస్తారు, జబ్బు లక్షణాలు గుర్తించి అక్కడే ఉన్న డాక్టరు దగ్గరికి పంపిస్తారు. దువా ఆగలేదు, దవా కూడా అందింది. మనకు కావలసింది అదే.

మా సంగతి

ఇంత చెప్పి మా సంగతి దాచుకుంటే న్యాయం కాదు.

2021 మే నెలలో, కరోనా రెండో దశలో మా తమ్ముడు పోయాడు. జనాజాకు పదిమందిమి కూడా లేము. అప్పుడు మేము ఏడవలేదు. పెద్దవాళ్లం, అందరికీ ధైర్యం చెప్పాలి కదా అనుకున్నాం. బడులు తెరిచాక మొదలైంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది, ఫజర్ అజాన్ దాకా పైకప్పు చూస్తూ పడుకునేవాళ్లం. అన్నం మట్టిలా ఉండేది. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద సగం వాక్యం రాసి, తక్కిన సగం ఏమిటో గుర్తు రాక సుద్దముక్కతో నిలబడిపోయాం. పిల్లలు నవ్వలేదు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

అమ్మీ "సబ్ర్ కర్ బేటా" అనేది. స్నేహితులు "టూరు వేసి రండి" అన్నారు. మా లోపల మాత్రం "ఇక చాలు" అనే మాట తిరుగుతూ ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చివరకు డాక్టరు దగ్గరికి వెళ్లాం గాని దొంగతనంగా వెళ్లాం. ఆళ్లగడ్డలో బస్సు ఎక్కి, నంద్యాల బస్టాండులో తెలిసినవాళ్లు కనపడితే తల దించుకుని, నేరుగా కర్నూలు పోయాం. నంద్యాల కొత్త జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో, అప్పటికి మా జిల్లా కేంద్రం కర్నూలే. అందుకని ఇంట్లో "డీఈఓ ఆఫీసులో పని" అని చెప్పాం. డాక్టరు మమ్మల్ని మాట్లాడనిచ్చాడు. తమ్ముడి పేరు నోట రాగానే అన్నాళ్లూ రాని ఏడుపు వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అవునని చెప్పాక మా భుజాల మీద నుంచి బస్తా దించినట్టయింది.

మందులు వెంటనే పనిచేయలేదు. మొదటి వారం నోరు ఎండిపోవడం, కడుపులో తిప్పడం తప్ప ఏ తేడా లేదు. మానేద్దామనుకున్నాం. రెండు మూడు వారాలు పడుతుందని ఆయన ముందే చెప్పి ఉండటం వల్ల ఆగాం. నాలుగో వారంలో ఒకరోజు అజాన్ వినపడి మెలకువ వచ్చింది. అజాన్ కోసం ఎదురుచూస్తూ పడుకోవడం కాదు, అజాన్ వల్ల నిద్ర లేవడం. ఆ రోజు చదివిన ఫజర్ నమాజు మాకు ఇప్పటికీ గుర్తుంది.

మాత్రలను బీరువాలో బట్టల కింద దాచేవాళ్లం. ఒకరోజు మా ఇంటావిడ కంటపడ్డాయి. ఆమెకు కోపం వచ్చింది, కాని జబ్బు మీద కాదు. "షుగరు మాత్రలు ఫ్రిజ్ మీద పెడతారు, బీపీ మాత్రలు టీవీ పక్కన పెడతారు. ఇవి బట్టల కింద ఎందుకు పెట్టారు? నేను పరాయిదాన్నా?" అంది. మా దగ్గర సమాధానం లేదు. మరుసటి రోజు నుంచి ఆ మాత్రలు కూడా టీవీ పక్కకు వచ్చాయి. ఏడాది లోపే డాక్టరు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపించేశారు.

ఇది అచ్చులో చెప్పడం ఇదే మొదటిసారి. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. "తండ్రికి పిచ్చి మందులట" అంటే సంబంధాలు వెనక్కి పోతాయేమో అన్న భయం మాకూ ఉంది, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా ఉంది. అయినా రాస్తున్నాం. అర్జీల బల్ల ముందు పెన్ను మూత పెట్టాక చెప్పేవాళ్లను చూసి "ధైర్యంగా చెప్పండి" అనాలంటే, ముందు మేము చెప్పాలి కదా.

బడిలో మాకు కనిపించేది

జబ్బుపడిన పిల్లవాడు "నాకు డిప్రెషన్" అని చెప్పడు. ముందు బెంచీలో కూర్చునేవాడు వెనక్కి పోతాడు. భోజనం సగంలో వదిలేస్తాడు. వారానికి మూడుసార్లు తలనొప్పి అంటాడు. చిన్నమాటకే చేయి చేసుకుంటాడు. ఇష్టమైన వస్తువులు అందరికీ పంచిపెట్టేస్తాడు. "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అంటాడు. ఈ చివరి రెండూ కనిపిస్తే తమాషాగా తీసుకోకండి.

నంద్యాల కోచింగుల ఊరు. బ్యాంకు పరీక్షలకు చదవడానికి ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి రూములు తీసుకుని ఉంటారు. మూడోసారి, నాలుగోసారి రాస్తున్నవాళ్లుంటారు. ఇంటి నుంచి ఫోను వస్తే మొదటి ప్రశ్న మార్కుల గురించే అయితే, రెండో మాట చెప్పడానికి వాళ్లకు నోరు రాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో తప్పులతో వెలువడిన ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ పిల్లలను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడుగుతారు. "కౌన్సెలర్ ఉన్నారా?" అని కూడా అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే పదకొండోవాడికి సమాధానం తయారుగా ఉంటుంది.

ఎలా వినాలి?

ఎదుటివాళ్లు చెప్పడం మొదలుపెట్టినప్పుడు మనం చేసే మొదటి తప్పు సలహా ఇవ్వడం. ముందు వినండి. ఫోను పక్కన పెట్టండి. నలుగురి ముందు అడగకండి. మేడ మీదో, నడకలోనో, పక్కపక్కన కూర్చున్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది.

"నీకేం తక్కువ?", "మా కాలంలో ఇవన్నీ లేవు", "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?" అనకండి. "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?", "నిద్ర పడుతోందా?", "నేనేం చేస్తే నీకు కొంచెం తేలిగ్గా ఉంటుంది?" అని అడగండి. అనుమానం వస్తే "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. పురుగుమందు లాంటివి ఇంట్లో అందుబాటులో లేకుండా చేయండి. అదే రోజు ఆసుపత్రికి తోడు వెళ్లండి.

విన్నది మీ దగ్గరే ఉంచుకోండి. ప్రాణాపాయం ఉంటే తప్ప ఇంకొకరికి చెప్పకండి. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మరణం జరిగితే "ఎందుకు, ఎలా" అని ఆరా తీయకండి. అలా పోయినవారికి కూడా జనాజా నమాజు చేయవచ్చన్నది ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. మిగిలినవాళ్లకు కావలసింది తీర్పు కాదు, మీరు పంపే భోజనం, నలభై రోజుల తర్వాత కూడా తలుపు తట్టే మనిషి.

ఎక్కడికి వెళ్లాలి?

కదలలేనివారికి, ముఖం చూపించడానికి మొహమాటపడేవారికి ముందుగా ఫోను ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఇంకొకటి 1800 891 4416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఫోనులో ఇప్పుడే దాచుకోండి.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దాని ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకునే చోట మానసిక వైద్యులు ఏయే రోజుల్లో చూస్తారో అడగండి. మందులు డాక్టరు రాస్తేనే వాడండి. నిద్ర కోసం, కంగారు తగ్గడం కోసం మెడికల్ షాపులో సొంతంగా కొనే మాత్రల్లో కొన్ని అలవాటుగా మారతాయి. డిప్రెషన్‌కు డాక్టరు రాసే మందులు అలాంటివి కావు. అయినా వాటిని కూడా సొంతంగా ఆపకూడదు.

చట్టం కూడా రోగి పక్షానే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలవుతోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం పొందడం, వివరాలు గోప్యంగా ఉంచుకోవడం రోగి హక్కులని అది చెబుతుంది. ఆరోగ్య బీమాలో మిగతా జబ్బులతో సమానంగా చూడాలని కూడా చెబుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి గాని శిక్షించకూడదు. కాబట్టి "పోలీసు కేసవుతుంది" అన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోవడం ఆలస్యం చేయకండి.

మన సంస్థకు మూడు మనవులు

మానసిక వైద్యం పెద్ద పట్టణాలకే పరిమితం అనుకోనక్కరలేదు. మన పొరుగున ఉన్న బళ్ళారి ఒకప్పుడు కర్నూలుతో పాటు దత్త మండలాల్లో ఒకటి. 1985 నుంచి బెంగళూరు నిమ్హాన్స్ వారు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు ఈ జబ్బులను గుర్తించడం నేర్పారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఇంకో దారి పట్టారు. డాక్టర్లు చాలినంతమంది లేరని అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల బయట చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. అక్కడివాళ్లు ఈ జబ్బును వాళ్ల భాషలో "అతిగా ఆలోచించడం" అంటారట. మన ఇళ్లలో వినపడే మాటే. ఆ బెంచీ మీద కూర్చుని మాట్లాడినవారికి ఆరు నెలల్లో మేలు కనిపించిందని 2016లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది.

అవ్వలు మనకూ ఉన్నారు. బెంచీలూ ఉన్నాయి. అందుకే మూడు మనవులు.

ఒకటి, సహాయ అర్జీలోని అనారోగ్య కాలమ్‌లో గుండె, కిడ్నీల పక్కన మానసిక అనారోగ్యం అని ముందే అచ్చు వేయించండి. టిక్కు పెడితే చాలు, నోటితో చెప్పనక్కరలేదు. రెండు, అర్జీలు తీసుకునే రోజుల్లో పక్క గదిలో వినడం తెలిసిన ఒక మగమనిషిని, ఒక ఆడమనిషిని కూర్చోబెట్టండి. వాళ్లకు ఒకరోజు డాక్టరు చేత శిక్షణ ఇప్పించండి. మూడు, కర్నూలు వెళ్లే రోగికి, తోడు వెళ్లేవారికి బస్సు ఛార్జీలు, మూడు నెలల మందుల ఖర్చు ఇవ్వండి. చాలామంది మందు ఆపేది జబ్బు తగ్గి కాదు, డబ్బు చాలక.

ఈసారి రంజానులోనూ మేము అదే బల్ల దగ్గర కూర్చుంటాం, ఇన్‌షా అల్లాహ్. మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని మనసు బాగాలేకపోతే వచ్చి చెప్పండి. లేచి వెళ్లబోతూ కాదు, కూర్చోగానే చెప్పండి. పెన్ను తెరిచే ఉంచుతాం.

అల్లాహ్ మన ఇళ్లలో ప్రతి మనసుకూ నిమ్మళం ప్రసాదించుగాక. ఆమీన్.